ఎనభయ్యో ఇంటి సీసాలు

నాకు అసహ్యమంటే ఏమిటో తెలియదని మా ల్యాబ్‌లో పేరు. పన్నెండేళ్లుగా మూత్రం సీసాలతోనే నా బతుకు. మూత తీసి రంగు చూడటం, యంత్రంలో గిర్రున తిప్పడం, అడుగున దిగిన మడ్డిని గాజుపలక మీద పూసి మైక్రోస్కోప్ కింద పెట్టి చూడటం. ఇదీ నా పని. కొత్తగా చేరినవాళ్లు ముక్కు మూసుకుంటే నవ్వేదాన్ని. చేతులు కడుక్కుని పక్కగదిలో కూర్చుని నిక్షేపంగా భోంచేసేదాన్ని. మా అత్తయ్య మాత్రం నేను ఇంట్లో అడుగు పెట్టగానే స్నానాలగది వైపు వేలు చూపించేది. ఒళ్లు తడవందే వంటింటి గడప తొక్కనిచ్చేది కాదు. అసహ్యమంటే ఏమిటో నాకు ఆ ఒక్క వేసవిలో తెలిసింది. అది మూత్రం వల్ల వచ్చింది కాదు.

ఆ ఏడు మా పెద్ద డాక్టరు కొత్త పరిశోధన ఒకటి తలకెత్తుకున్నాడు. మూత్రాశయానికి వచ్చే క్యాన్సర్ మనుషుల్లోనూ కుక్కల్లోనూ దాదాపు ఒకే తీరున ఉంటుంది. ఒకే ఇంట్లో ఉండే మనిషి, కుక్క ఒకే గాలి పీలుస్తారు, ఒకే నీళ్లు తాగుతారు. కుక్క ఆయుష్షు చిన్నది కాబట్టి జబ్బు దానిలో ముందుగా బయటపడొచ్చు, దాన్ని చూసి ఆ ఇంటి మనిషిని తొందరగా హెచ్చరించొచ్చు అని ఆయన ఊహ. మంచి ఊహే, ఇప్పటికీ ఆ మాటే అంటాను. మా ల్యాబ్ చుట్టూ ఉన్నవన్నీ బట్టలకి రంగులద్దే కార్ఖానాలు. ఆ పని చేసేవాళ్లకి ఈ జబ్బు భయం ఎక్కువని డాక్టర్లకి ఎప్పట్నుంచో తెలుసు. అందుకని ఆ వీధుల్లో కుక్క ఉన్న ఇళ్లు ఎనభై ఎంచుకోవాలి. వేసవి మూడు నెలలూ నెలకొకసారి, పొద్దున్నే పట్టిన మూత్రం మనిషిది ఒక సీసా, కుక్కది ఒక సీసా తెప్పించాలి. మనిషి సీసాకి తెల్ల లేబుల్, కుక్క సీసాకి పసుపు లేబుల్. వాటి మీద పేర్లుండవు, ఇంటి నెంబర్లే ఉంటాయి.

డెబ్బైతొమ్మిది ఇళ్లు దొరికాయి. ఎనభయ్యో ఇల్లు ఎంత తిరిగినా దొరకలేదు.

"ఏమ్మా, మీ ఇంట్లో కుక్కుంది కదూ?" అన్నాడు పెద్ద డాక్టరు.

"ఉంది సార్. కానీ ల్యాబ్‌లో పనిచేసేవాళ్ల ఇళ్లు తీసుకోకూడదని నిబంధనల్లో మీరే రాశారు కదా."

"రాశాను. ఎనభై ఇళ్లని కూడా నేనే రాశాను. మీ మావగారు రంగుల పనే కదా చేసింది? ఇంకేం కావాలి? ఊరంతా వెతుకుతూ సొంతిల్లు మర్చిపోయావు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కాదనడానికి నాకు నోరు లేక కాదు, ఆయన నన్ను మెచ్చుకుంటే బావుండునని ఉండేది. ఆ సంగతి ఒప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గేస్తుంది.

మా మావయ్య ముప్పై ఏళ్లు అద్దకం తొట్ల దగ్గర నిలబడ్డ మనిషి. పని మానేసి ఆరేళ్లయినా గోళ్ల చుట్టూ నీలం వదల్లేదు. ఆయన కుక్క పేరు గుమాస్తా. గడప దగ్గర కూర్చుని, వచ్చేపోయేవాళ్లందర్నీ ఏదో కాగితం తక్కువైందన్నట్టు ఎగాదిగా చూసేది కాబట్టి ఆ పేరు పెట్టారు. పదకొండేళ్లది. మావయ్య లేస్తే లేచేది, కూర్చుంటే కూర్చునేది.

సీసాలు ఇంటికి తెచ్చి బల్ల మీద పెట్టిన రోజు పెద్ద రభస అయింది.

"కుక్క ఉచ్చ ఎలా పడతావే తల్లీ? సీసాలో పొయ్యమని దాన్ని బతిమాలతావా?" అంది అత్తయ్య.

"కర్రకి గరిటె కట్టుకుని వెనకాలే వెళ్లాలి అత్తయ్యా. అది కాలెత్తగానే కింద పెట్టాలి."

"ఆ గరిటె మళ్లీ నా వంటింట్లోకి వచ్చిందంటే ఈ వయసులో పుట్టింటికి పోతాను, చెప్తున్నా."

మా ఆయన పడీపడీ నవ్వాడు. మావయ్య నవ్వలేదు. తెల్ల లేబులు సీసా చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూశారు.

"నాది ఎవరు చూస్తారమ్మా?"

"ఇంకెవరు మావయ్యా, నేనే. పరాయివాళ్లెవరూ ముట్టుకోరు, మీరేం మొహమాటపడక్కర్లేదు."

ధైర్యం చెప్తున్నాననుకున్నాను. ఆయన సీసా బల్ల మీద పెట్టేసి, "సరే. రెండూ నేనే పట్టి ఇస్తాలే, నువ్వు పనికి వెళ్లే తొందర్లో ఉంటావు," అన్నారు.

మూడో రోజు పొద్దున రెండు సీసాలూ గుమ్మం దగ్గర సిద్ధంగా ఉన్నాయి. కర్రా గరిటే పెరట్లో గోడకి ఆనించి ఉన్నాయి. ఆ మధ్యాహ్నమే వాటిని చూశాను. తెల్ల లేబులు సీసాలో జబ్బు జాడ ఏమీ లేదు, కాసిని స్ఫటికాలు మాత్రం కనిపించాయి. పసుపు లేబులు సీసాది అద్దం కింద పెట్టగానే వీపు నిటారైంది. నెత్తుటి మధ్య కణాలు గుంపులు గుంపులుగా, వంకర టింకరగా, కేంద్రకాలు ఉబ్బి నల్లగా ఉన్నాయి. పుస్తకంలో బొమ్మ వేసినట్టున్నాయి. పరిశోధన మొదలెట్టాక దొరికిన మొదటి క్యాన్సర్ అది.

నేను కేక పెట్టాను. బాధతో కాదు. మా ఇంటి కుక్కదని తెలిసి కూడా, దొరికిందిరా బాబూ అని కేక పెట్టాను. అందరూ పరిగెత్తుకొచ్చారు. పెద్ద డాక్టరు కన్ను అద్దానికి ఆనించి, "అబ్బబ్బ, ఏం అందంగా ఉన్నాయి! దీన్ని ఫొటో తీయండి, మన పరిశోధన పత్రంలో మొదటి బొమ్మ ఇదే," అని నా భుజం తట్టాడు. అందరికీ టీ, బిస్కెట్లు తెప్పించాడు. నేను రెండు బిస్కెట్లు ఎక్కువే తిన్నాను.

దాచిపెట్టి చివర్లో చెప్పే ఓపిక నాకు లేదు, ఇప్పుడే చెప్పేస్తున్నాను. ఆ పసుపు సీసాలో ఉన్నది గుమాస్తాది కాదు, మా మావయ్యది. తెల్ల సీసాలో ఉన్నది కుక్కది. ఆయన కావాలనే మార్చి పోశారు. అప్పటికి రెండు నెలలుగా ఆయనకి ఎర్రగా పడుతోందట. అద్దం కింద చూస్తే కుక్క కణమో మనిషి కణమో నాకు తేడా తెలియలేదు, ఆ జబ్బులో అవి అంత దగ్గరగా ఉంటాయి. నేను టీ తాగుతూ సంబరపడింది మా మావయ్య చావు చూసి.

ఫలితాలు వేసవి అయ్యేదాకా ఎవరికీ చెప్పకూడదని నియమం. మన ఇంటి కుక్కే కదా అని ఆ సాయంత్రమే చెప్పేశాను. మావయ్య పెరట్లో అరుగు మీద కూర్చున్నారు. గుమాస్తా ఆయన కాళ్ల దగ్గర పడుకుని ఉంది.

"మీది బాగానే ఉంది మావయ్యా, కాస్త నీళ్లు ఎక్కువ తాగండి. గుమాస్తాకే బాగోలేదు. మూత్రాశయంలో క్యాన్సరు."

ఆయన వంగి గుమాస్తా చెవులు సవరించారు. కుక్కంటే అంత ప్రేమ అనుకుని నాకూ జాలేసింది.

"ఖాయమా?"

"నా కళ్లతో చూశాను. చాలా చెడ్డ రకం."

"ఎన్నాళ్లుంటుంది?"

"కొన్ని నెలలు. వైద్యం ఉందిగానీ, ఈ వయసులో దానికి అంత హింస ఎందుకు చెప్పండి? పెరిగి పెరిగి దారి మూసుకుపోతే ఉచ్చ పోయడానికి కూడా ఏడుస్తుంది. అప్పుడు ఒక సూది ఇచ్చేస్తారు, సుఖంగా పోతుంది."

"వైద్యం చేయించడం దండగంటావు."

"ముసలిది కదా మావయ్యా. బతికినన్నాళ్లు బతికింది."

ఈ మాటలు నేనే అన్నాను. ఒక్కటి కూడా మార్చలేదు. పన్నెండేళ్ల అనుభవమంతా గొంతులోకి తెచ్చుకుని, పక్కింటివాళ్లకి వాతావరణం చెప్పినట్టు చెప్పాను. ఆయన కుక్క తల మీద చెయ్యి వేసి, "సరేనమ్మా, లోపలికి వెళ్లు, స్నానం చెయ్యి," అన్నారు.

ఆ తర్వాత మా ఇంట్లో జరిగింది ఇది. మా ఆయన గుమాస్తాని గడప లోపలికి రానివ్వొద్దన్నాడు. "క్యాన్సర్ కుక్కతో ఒక ఇంట్లో ఎలా ఉంటాం? ఎవరికైనా ఇచ్చేద్దాం," అన్నాడు. అది అంటుకునే జబ్బు కాదని చెప్పాను, కానీ గట్టిగా చెప్పలేదు. అత్తయ్య దాని గిన్నె బయట కొళాయి దగ్గర పెట్టించింది, అది పడుకునే గోనెపట్టా తగలబెట్టించింది, అది కూర్చుని లేచిన చోటల్లా ఫినాయిల్ పోసి కడిగించింది. కంపు కొడుతోందని ముగ్గురం అన్నాం. ఆ కుక్క దగ్గర ఏ కంపూ లేదు, దానికి ఏ జబ్బూ లేదు. జబ్బున్న మనిషి అరుగు మీద కూర్చుని, జబ్బున్నవాళ్లని మా ఇంట్లో ఎలా చూస్తారో రోజూ చూస్తూనే ఉన్నారు.

కొన్నాళ్లకి మావయ్య కూడా అన్నం బయటే తినడం మొదలెట్టారు. "చూడండి, కుక్క కోసం ఈ వైరాగ్యం! నాకు జ్వరమొస్తే పక్కన కూర్చున్న పాపాన పోలేదు," అని అత్తయ్య మూతి తిప్పుకుంది.

రెండో నెల సీసాలు వచ్చాయి. పసుపు సీసాలో కణాలు రెట్టింపయ్యాయి, నెత్తురూ ఎక్కువైంది. పశువుల డాక్టరమ్మకి చూపిస్తానని పెద్ద డాక్టర్ని అడిగాను. మా పరిశోధనలో కుక్కల వైపు చూసేది ఆవిడే.

"మూడు నెలలూ పూర్తి కానీ. ముట్టుకుంటే సహజంగా ఎలా పెరుగుతుందో ఎలా తెలుస్తుంది?" అన్నాడు.

"నొప్పి ఉంటుందేమో సార్."

"కుక్క చెప్పిందా?"

ఆ వారమే జన్యు పరీక్ష కాగితం వచ్చింది. జబ్బు కనిపించిన సీసాలు మాత్రమే ఆ పరీక్షకి వెళ్తాయి. ఎనభయ్యో నెంబరు ఎదురుగా 'కుక్క జన్యుపదార్థం దొరకలేదు' అని ఉంది. ఇది ఎలా అని పెద్ద డాక్టర్ని అడిగాను. ఆయన తలెత్తకుండా, "ఎండలు మండిపోతున్నాయి, సీసా పాడై ఉంటుంది. అలాగే రాసేయ్. కణాలు కనిపిస్తున్నాయిగా," అన్నాడు.

ఎండకి పాడైతే కణాలూ పాడవ్వాలి కదా! అంత మాత్రం నాకు తెలుసు. తెలిసి కూడా 'నమూనా పాడైనది' అని రాసి సంతకం పెట్టాను. పెన్నులో సిరా అయిపోతే పక్కమ్మాయి పెన్ను అడిగి మరీ పెట్టాను.

మూడో నెల మొదట్లో, పెద్ద డాక్టరుకి చెప్పకుండా గుమాస్తాని పశువుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. దయతో అనుకునేరు. ఇంట్లో ఫినాయిల్ వాసన భరించలేక, తొందరగా ఆ సూదేదో ఇప్పించేద్దామని. ఆవిడ దాని పొట్ట మీద వెంట్రుకలు గీసి, జిగురు రాసి, స్కానింగ్ బిళ్ల పెట్టి అటూ ఇటూ జరిపింది. గుమాస్తా వెల్లకిలా పడుకుని ఆవిడ్ని అనుమానంగా చూసింది.

"ఏది ఇందులో క్యాన్సరు? గోడ నున్నగా ఉంది. రెండు నెలల కింద అన్ని కణాలు రాలాయంటే ఇప్పటికి పెద్ద గడ్డ కనబడాలి," అంది.

"జన్యు పరీక్షలో కూడా కుక్కది దొరకలేదన్నారు," అన్నాను.

ఆవిడ బిళ్ల పక్కన పెట్టి, "మూత్రం పట్టింది ఎవరు?" అని అడిగింది.

కుక్క పొట్ట మీద జిగురు తుడిచి, దాన్ని ఎత్తుకుని బయటికొచ్చాను.

ఇంటికి వెళ్లేసరికి మావయ్య అరుగు మీదే ఉన్నారు. ఆయన ఎంత చిక్కిపోయారో ఆ రోజే చూశాను. చొక్కా భుజాల మీంచి జారిపోతోంది.

"గుమాస్తాకి ఏమీ లేదట మావయ్యా."

"మంచిది," అన్నారు. కుక్క పొట్ట మీద గీసిన చోట వేళ్లతో నిమిరి, "ఇక దీన్ని లోపలికి రానివ్వండి మరి," అన్నారు.

"ఎందుకిలా చేశారు?"

"చూసేది నువ్వని తెలిశాక ఎలా ఇవ్వమంటావమ్మా? పరాయివాళ్లయితే ఇచ్చేవాణ్నేమో. కోడలు కూర్చుని నాది..." అక్కడితో ఆగిపోయారు. కుక్కని దగ్గరికి లాక్కుని, "అయినా నాకు తెలుసుకోవాలని ఉంది. మనిషికైతే మెత్తగా చెప్తారు. కుక్క గురించైతే ఉన్నదున్నట్టు చెప్తారని..." అన్నారు.

"నేను చెప్పింది కుక్కకి మావయ్యా! మనిషికి అలా కాదు. మనిషికి వైద్యం ఉంది, వెంటనే వస్తే..."

"అవునా?" అన్నారు ఆయన. నిజంగానే ఆశ్చర్యపోయారు. "మరి దండగన్నావు కదమ్మా."

నాకు నామీద ఎంత రోత పుట్టిందంటే, ఆ పెరట్లోనే వాంతి చేసుకున్నాను. నాకు నీళ్లు తెచ్చిచ్చింది కూడా ఆయనే.

మర్నాడే పెద్దాసుపత్రికి తీసుకెళ్లాం. ఆపరేషన్ చేసే డాక్టరు స్కానింగ్ ఫిల్ములు వెలుతురు పెట్టె మీద పెట్టి చూసి, నెత్తురు ఎప్పుడు మొదలైందని అడిగాడు. మావయ్య నా వైపు చూసి, "ఈ మధ్యే, పోయిన వారం," అన్నారు.

"కాదు. వేసవి మొదట్లో నేనే స్లైడ్ చూశాను," అన్నాను. మా ఆయన తల తిప్పి నన్ను చూసిన చూపు ఇంకా మర్చిపోలేదు.

"అప్పుడే వచ్చుంటే గొట్టం పంపి గీకేసి ఇంటికి పంపేవాళ్లం. ఇప్పుడు కండలోకి దిగింది. మూత్రాశయం మొత్తం తీసెయ్యాలి," అన్నాడు ఆ డాక్టరు.

తీసేశారు. ఆయన పొట్ట పక్కన రంధ్రం చేసి సంచి తగిలించారు. ఆ సంచి మార్చడం నర్సు పక్కన నిలబడి నేర్చుకున్నది అత్తయ్య. నేను చేస్తానంటే, "నువ్వు వద్దు," అంది. కోపంతో అందో, ఆయన సిగ్గు ఎరిగి అందో నేను అడగలేదు.

వానలు పడ్డాక పనిలోకి వెళ్లి చూస్తే, ల్యాబ్ వసారాలో నిలువెత్తు కాగితం అతికించి ఉంది. వచ్చే నెల డాక్టర్ల పెద్ద సభకి వెళ్లాల్సిన పోస్టరు. దాని మధ్యలో రంగుల్లో మా మావయ్య కణాలు, కింద 'పదకొండేళ్ల మగ కుక్క' అని పెద్ద అక్షరాలు. పెద్ద డాక్టరు గదిలోకి వెళ్లి జరిగిందంతా చెప్పాను. ఎనభయ్యో ఇంటిని తీసెయ్యమన్నాను.

"మీ మావగారికి ఎలా ఉంది?" అని అడిగాడు ముందు. అడగాలి కాబట్టి అడిగాడు. నా జవాబు పూర్తికాకముందే, "అది తీసేస్తే మొదటి బొమ్మ పోతుంది, లెక్కా పోతుంది. అద్దం కింద కుక్కదో మనిషిదో ఎవరికి తెలుస్తుంది చెప్పు? రెండూ ఒకటేనని చెప్పడమే కదా మన పరిశోధన," అన్నాడు.

"అది మనిషిది సార్."

"నీ నోటి మాట మీద తీసేయలేను. నమూనా ఇచ్చినాయన స్వయంగా రాసివ్వాలి." చిన్నగా నవ్వాడు. "ఏ పెద్దమనిషైనా రాసిస్తాడా, కుక్క సీసాలో పోసింది నేనేనని?"

ఆ నవ్వు చూశాక పన్నెండేళ్లు ఈ మనిషి మెప్పు కోసం నేను వంచిన తల గుర్తొచ్చింది. ఛీ అనిపించింది.

మావయ్యకి ఈ సంగతి చెప్పాలా వద్దా అని మూడు రోజులు సతమతమయ్యాను. చివరికి చెప్పాను. ఆయన మంచం మీద లేచి కూర్చుని, కాగితం, పెన్ను అడిగారు. నిదానంగా రాశారు: 'ఎనభయ్యో ఇంటి పసుపు సీసాలో పోసింది కుక్క కాదు, నేను. రెండుసార్లూ నేనే. కుక్కకి ఏ జబ్బూ లేదు.' కింద సంతకం పెట్టి నాకు చూపించారు.

"మా కోడలి తప్పేమీ లేదని కూడా రాయనా?"

"వద్దు మావయ్యా. అబద్ధమవుతుంది."

ఆయన నా మొహం చూసి తలూపారు. పెన్ను మూత పెట్టి తిరిగిచ్చేశారు.

ఆ కాగితానికి నకలు తీయించి, 'నమూనా పాడైనది' అని నేను సంతకం పెట్టిన సంగతి కూడా రాసి, పరిశోధనల మీద విచారణ చేసే కమిటీకి పంపాను. ఆ తర్వాతే అసలుది తీసుకెళ్లి పెద్ద డాక్టరు బల్ల మీద పెట్టాను. ఆయన వంగి చదివాడు. ఒకసారి చదివి, మళ్లీ చదివాడు. తర్వాత రెండు వేళ్లతో కాగితం కొస పట్టుకుని, ఒంటికి దూరంగా ఎత్తి, మూలనున్న ఫైలులోకి జారవిడిచాడు. లేచి వెళ్లి కొళాయి తిప్పి, మోచేతుల దాకా సబ్బు రాసుకుని చేతులు కడుక్కోవడం మొదలెట్టాడు.

ఆ కాగితం పొడిగానే ఉంది. దాని మీద మా మావయ్య చేతిరాత తప్ప మరేమీ లేదు.